సముద్రంలో పోయిన కళాసీ పేరు వెతికి నిలుపుకోవడం ఎలా

రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఓడల మీద పనిచేస్తూ నడిసముద్రంలో, పరాయి రేవుల్లో చనిపోయిన మన దేశపు కుర్రాళ్లు వేలల్లో ఉన్నారు. చాలామందికి సమాధీ లేదు, చితీ లేదు. ఇంట్లో మిగిలేది "పెదతాత ఓడెక్కి యుద్ధంలో పోయాడట" అన్న ఒక్క ముక్క. దాంతోనే మొదలుపెట్టి పేరు, ఓడ, తేదీ దాకా వెళ్లే దారి ఉంది. అయితే పని వరుస తప్పితే నెలలు వృథా. అందరూ మనిషి పేరు వెతకడంతో మొదలుపెడతారు. ముందు పట్టుకోవాల్సింది ఓడ పేరు. మనిషి పేరు ఇంగ్లీషు గుమాస్తా చేతిలో పది రకాలుగా మారుతుంది. ఓడ పేరు మారదు.

ముందు ఎవరి కొలువో తేల్చండి

ఇంట్లోవాళ్లు "నేవీలో పోయాడు" అంటారు గానీ అందులో మూడు వేర్వేరు కొలువులు కలిసి ఉంటాయి. కంపెనీ సరుకు ఓడల్లో, ప్రయాణికుల ఓడల్లో పనిచేసినవాళ్లు మర్చంట్ నేవీ కిందికి వస్తారు. అప్పటి కాగితాల్లో వాళ్లను లాస్కర్లు అన్నారు. ప్రభుత్వ యుద్ధనౌకల్లో చేసినవాళ్లది రాయల్ ఇండియన్ నేవీ. 1934కు ముందు దాని పేరు రాయల్ ఇండియన్ మెరీన్. స్వాతంత్ర్యం తర్వాతిది భారత నౌకాదళం. ఈ తేడా తెలియకపోతే తప్పు దఫ్తరంలో వెతుకుతూ కూర్చుంటారు.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. యుద్ధనౌకలో ఉద్యోగి అయితే, యుద్ధకాలంలో కొలువులో ఉండగా జ్వరంతో పోయినా యుద్ధమృతుడే. కంపెనీ ఓడ కళాసీ మాత్రం టార్పెడో, మందుపాతర, బాంబు లాంటి యుద్ధ కారణంతో పోతేనే లెక్కలోకి వస్తాడు. 1943లో లివర్‌పూల్ ఆసుపత్రిలో న్యుమోనియాతో పోయిన కంపెనీ కళాసీ పేరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఉంచే యుద్ధమృతుల జాబితాలో కనిపించకపోతే అది పొరపాటు కాకపోవచ్చు, నిబంధనే కావచ్చు.

ఏ కొలువో తెలియనప్పుడు ఇంట్లో వినబడిన మాటలే ఆధారం. సరంగు, టండేలు, కసబు, సీకన్నీ, భండారీ, ఆగ్‌వాలా, కోయలావాలా లాంటి పిలుపులు వినబడితే దాదాపు ఖాయంగా కంపెనీ ఓడే. స్టోకర్, ఏబుల్ సీమన్, టెలిగ్రాఫిస్ట్ అంటే నేవీ అయ్యే అవకాశం ఎక్కువ. ఓడ ఊడ్చి శుభ్రం చేసే టోపాసు రెండు చోట్లా ఉండేవాడు కాబట్టి ఆ ఒక్క మాటతో తేల్చకండి.

ఇంట్లో ఏం వెతకాలి

అన్నిటికంటే విలువైనది కళాసీ పుస్తకం. దాన్ని సీడీసీ అంటారు, పాతవాళ్లు నల్లీ అనేవారు. ప్రతి ప్రయాణానికీ ఓడ పేరు, ఎక్కిన తేదీ, దిగిన తేదీ అందులో ఉంటాయి. ఆఖరి గీతలో ఎక్కిన తేదీ ఉండి దిగిన తేదీ లేకపోతే మీరు వెతికే ఓడ బహుశా అదే. కానీ పుస్తకం తరచూ మనిషితో పాటే మునిగిపోతుంది. అప్పుడు కంపెనీ రాసిన ఉత్తరం, మనీయార్డరు రసీదు, పింఛను కాగితం, రేవులో వేసిన ముద్ర, ఏది దొరికినా దాచండి.

పతకం ఉంటే అంచు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాల అంచున పేరు, చాలావాటి మీద హోదా కూడా చెక్కేవారు. ఆ యుద్ధంలో పోయినవారి కుటుంబాలకు ఇచ్చిన కాంస్య ఫలకం గుండ్రంగా, సుమారు 120 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. దాని మీద హోదా లేకుండా పేరొక్కటే ఉంటుంది. దయచేసి వీటిని చింతపండు పెట్టి తోమకండి. ఇత్తడి చెంబులా మెరుస్తుంది నిజమే, అంచున ఉన్న సన్నటి అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి పొడిబట్టతో దుమ్ము తుడిచి, వాలుగా టార్చి వెలుగు వేసి చదివితే చాలు.

కాగితాలకు లామినేషన్ వద్దు. ఆ వేడికి పాత సిరా పాలిపోతుంది, ఒకసారి అతుక్కున్నాక కాగితాన్ని మళ్లీ విడదీయలేరు. చిరిగినచోట సెలోటేపు కూడా వద్దు, పదేళ్లకు జిగురు పసుపు మరకై మిగులుతుంది. 600 డీపీఐలో రెండు వైపులా స్కాన్ చేయించండి. వెనక పెన్సిలుతో రాసిన నంబరే ఒక్కోసారి మొత్తం కథను విప్పుతుంది.

జాబితాలో పేరు వెతికే విధం

యుద్ధమృతుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 1917లో మొదలైంది. రెండు యుద్ధాలకూ కలిపి దాదాపు 17 లక్షల మంది లెక్క దాని దగ్గర ఉంది. వెబ్‌సైటులో వెతకడానికి రుసుము లేదు. అది తీసుకునే తేదీలు మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు. యుద్ధం ఆగాక 1946లో పోయిన నావికుడు కూడా అందులో ఉండవచ్చు. "యుద్ధం అయిపోయాక పోయాడు కదా" అని వదిలేయకండి.

మన పేర్లతో వచ్చే ఇబ్బంది ఇక్కడే. గుమాస్తాకు ఇంటిపేరు అంటే తెలియదు. ఇంటిపేరునే మొదటి పేరనుకుని రాసిన సందర్భాలుంటాయి, అసలు పేరు పూర్తిగా ఎగిరిపోయి ఇంటిపేరే మిగిలిన సందర్భాలూ ఉంటాయి. తండ్రి పేరు ఇంటిపేరు గడిలోకి ఎక్కుతుంది. అందుకని మొదటిసారి ఇంటిపేరు గడిలో అసలు పేరే వేసి, మిగతావి ఖాళీగా వదలండి. కొలువు గడిలో మర్చంట్ నేవీ గానీ నేవీ గానీ ఎంచుకుని, దేశం దగ్గర ఇండియా పెట్టండి. ఫలితాలు మరీ ఎక్కువైతే అప్పుడు తేదీతో వడకట్టండి.

స్పెల్లింగుకు కనీసం ఆరు రూపాలు కాగితం మీద రాసుకుని కూర్చోండి. నరసింహులు అనేది నర్సిమ్లూ అవుతుంది, మధ్యలో హెచ్ ఉంటుంది, ఉండదు, చివర యూ బదులు డబుల్ ఓ వస్తుంది. అప్పలస్వామి చివర ఐ, వై రెండూ చూడాలి. ఎల్లయ్య, యెల్లయ్య రెండూ ప్రయత్నించాలి. వెంకన్నలో వీ బదులు డబ్ల్యూ వేసి కూడా చూడండి. ద్విత్వాక్షరం ఒక్కటే మిగలడం మామూలు. పేరు మొదటి మూడు నాలుగు అక్షరాలే వేసి వెతికితే చాలా రూపాలు ఒకేసారి పడతాయి.

పేరుతో పడకపోతే ఊరుతో వెతకండి. "అదనపు సమాచారం" గడిలో తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉండే వీలుంది. ఇక్కడ పాత పేర్లు, పాత స్పెల్లింగులు కావాలి: విశాఖకు విజగపటం, భీమిలికి బిమ్లిపటం, కాకినాడకు కొకనాడ, బందరుకు మసూలిపటం, శ్రీకాకుళానికి చికాకోల్, ఏలూరుకు ఎల్లోర్, కృష్ణకు కిస్ట్నా. జిల్లాల హద్దులు కూడా వేరు. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో. కాబట్టి ఇచ్ఛాపురం, శ్రీకాకుళం వైపు కుర్రవాడి కోసం మొదటి యుద్ధానికి గంజాం కింద చూడాలి, రెండో యుద్ధానికి విజగపటం కింద. ఒంగోలు అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉండేది. తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లకు జిల్లా బదులు హైదరాబాద్ స్టేట్ అనే ఉండొచ్చు. ఇంకో సంగతి, అప్పట్లో పెద్ద ఓడలకు మనుషులను తీసుకునే ప్రధాన రేవులు కలకత్తా, బొంబాయి. మీవాడు ఊళ్లో పుట్టి అక్కడ ఓడెక్కి ఉంటే కాగితాల్లో ఊరి పేరే ఉండకపోవచ్చు.

వయసు మీద పట్టుదల వద్దు. లాస్కర్ల వరుసలో వయసు గడి చాలాచోట్ల ఖాళీ. ఉన్నచోట కూడా పని కోసం కుర్రాళ్లు పెంచి చెప్పిన అంకె కావచ్చు.

ఓడ చేతికి వస్తే

కమిషన్ నమోదులో ఓడ పేరు పక్కన కుండలీకరణాల్లో ఒక ఊరుంటుంది, లండన్ అనో గ్లాస్గో అనో. అది ఓడ నమోదైన రేవు. మనిషి చనిపోయిన ఊరని పొరబడి శిలాఫలకం మీద "గ్లాస్గోలో మరణించాడు" అని చెక్కించేస్తారు. ఇది మహా మామూలు తప్పు.

ఓడ పేరు తెలిశాక దాని అధికారిక నంబరు సంపాదించండి. 1930 నుంచి 1945 వరకు లాయిడ్స్ రిజిస్టర్ అనే ఓడల వివరాల పుస్తకం పేజీలు స్కాన్ చేసి నెట్లో ఉన్నాయి. ఒకే పేరుతో రెండు మూడు ఓడలుంటాయి కాబట్టి నంబరే అసలు గుర్తు. రెండో యుద్ధకాలపు సిబ్బంది ఒప్పందాలు బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో బీటీ 381 అనే వరుసలో ఆ నంబరు ప్రకారమే పేర్చి ఉన్నాయి. ఓడ కదలికల కార్డులు బీటీ 389లో. మొదటి యుద్ధానికి 1915 సిబ్బంది జాబితాలు ఉచితంగా నెట్లో చూడవచ్చు. అక్కడ ఓడ దొరికి మనిషి పేరు లేకపోతే కంగారు పడకండి. ఆసియా కళాసీలతో విడిగా ఏషియాటిక్ ఆర్టికల్స్ అనే ఒప్పందం రాసుకునేవారు, అది ప్రధాన జాబితాలో కలవకుండా పోయిన ఓడలు చాలా ఉన్నాయి.

ఓడ కథ తెలిస్తే మరణం కథ తెలుస్తుంది. ఉదాహరణకు ఎస్.ఎస్. తిలావా. బొంబాయి నుంచి మొంబాసా దారిలో వెళ్తూ 1942 నవంబరు 23 తెల్లవారుజామున హిందూ మహాసముద్రంలో జపాన్ జలాంతర్గామి ఐ-29 టార్పెడోలకు మునిగింది. 280 మంది పోయారు. హెచ్.ఎం.ఎస్. బర్మింగ్‌హామ్ అనే యుద్ధనౌక వచ్చి వందల మందిని కాపాడింది. ఇంట్లో "ఆఫ్రికా వెళ్తూ దీపావళి తర్వాత పోయాడు" అన్న మాట ఉంటే, ఆ ఒక్క మాటతోనే ఈ ఓడ దాకా రావచ్చు. అందుకే పెద్దవాళ్లను "ఏ సంవత్సరం" అని అడగొద్దు. ఏ పండగ దగ్గర, ఏ పంట మీద, ఎవరి పెళ్లికి ముందు అని అడగండి.

జలాంతర్గాముల చేతిలో మునిగిన మిత్రపక్ష ఓడల జాబితాలు నెట్లో బాగా ఉన్నాయి. కానీ జర్మన్ యూ-బోట్ల జాబితాలో మన సముద్రంలో జపాన్‌వాళ్లు ముంచినవి దొరకవు. 1942 ఏప్రిల్‌లో బంగాళాఖాతంలో మునిగిన సరుకు ఓడలకు జపాన్ నౌకాదళం వైపు నుంచే వెతకాలి. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసింది కూడా ఆ దాడిలోనే.

పేరు ఎక్కడా లేకపోతే

మీరు సరిగా వెతకలేదన్న అర్థమేమీ కాదు. 2021 ఏప్రిల్‌లో కమిషన్ తన నివేదికలోనే ఒప్పుకుంది: మొదటి యుద్ధంలో పోయినవారిలో కనీసం 1,16,000 మంది, ఎక్కువగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు మనుషులు, పేరుతో నమోదు కాలేదు, బహుశా అసలు నమోదే కాలేదు. కొత్త పేరు చేర్చమని, ఉన్న పేరు సరిచేయమని ఎవరైనా అడగొచ్చు. అయితే కుటుంబం చెప్పిన కథ చాలదు. కొలువులో ఉన్నట్టు ఒకటి, మరణమూ దాని కారణమూ చూపేది ఒకటి, రెండు రకాల కాగితాలు కావాలి. సముద్రంలో మరణాలకు బ్రిటన్ ఆర్కైవ్స్‌లోని బీటీ 334 పుస్తకాలు, ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ దస్త్రాలు చూడదగ్గవి. ఢిల్లీవి చాలావరకు అభిలేఖ్ పటల్ పోర్టల్లో వెతకవచ్చు.

1947 తర్వాత నౌకాదళంలో పోయినవారికి దారి సులువు. నావికుల రికార్డులు ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్ దగ్గర ఉంటాయి. సర్వీసు నంబరుతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రాస్తే త్వరగా కదులుతుంది. 1971 డిసెంబరు 9న డయ్యూ తీరానికి దూరంగా మునిగిన ఐ.ఎన్.ఎస్. ఖుక్రీలో 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. అలాంటివారి పేర్లు 2019లో తెరిచిన ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద చూడవచ్చు. ప్రపంచ యుద్ధాల కళాసీని అక్కడ వెతికితే దొరకడు. అది స్వాతంత్ర్యం తర్వాతివారికి.

ఏ రోజున తలుచుకోవాలి

తద్దినం పెట్టే ఇళ్లలో తేదీ కంటే తిథి ముఖ్యం. ఇంగ్లీషు తేదీ దొరికింది కదా అని క్యాలెండరు తిప్పేస్తే తప్పు రావచ్చు. తిలావా మునిగిన తెల్లవారుజామునే చూడండి, అది చిత్రభాను సంవత్సరం కార్తీక పున్నమికి ఆనుకుని ఉన్న రాత్రి. గంట తేడాతో పౌర్ణమి పాడ్యమిగా మారిపోతుంది. ఓడ గడియారం మన గడియారంతో కలవదు. అట్లాంటిక్‌లో అయితే నాలుగైదు గంటలకు పైనే తేడా. కాబట్టి పంతులుగారికి తేదీ ఒక్కటే కాక, మునిగిన వేళ, చోటు కూడా రాసి ఇవ్వండి. తేదీయే తెలియకపోతే మహాలయ అమావాస్య ఉంది. ఆయుధ ఘాతంతో పోయినవారికి మహాలయ పక్షంలో చతుర్దశి చెబుతారు. శరీరం దొరకనప్పుడు చేసే విధులు శాఖను బట్టి మారతాయి, అది ఇంటి పురోహితుడితోనే తేల్చుకోవాలి.

క్రైస్తవ కుటుంబాలకు నవంబరు 2 సమాధుల పండుగ ఉంది. సమాధి లేని మనిషికి పూలెక్కడ పెట్టాలన్న ప్రశ్న అక్కడే వస్తుంది. తల్లిదండ్రుల సమాధి రాయి మీద కింద ఒక పంక్తి చేర్పించుకోవడం మంచి ఉపాయం. ఊరుమ్మడిగా చేసేట్టయితే మొదటి యుద్ధం ఆగిన నవంబరు 11 గానీ, జాతీయ నౌకాయాన దినమైన ఏప్రిల్ 5 గానీ పెట్టుకోవచ్చు. కంపెనీ కళాసీకి డిసెంబరు 4 నేవీ డే కంటే ఏప్రిల్ 5 తగినది.

రాయి వేయించేటప్పుడు

చోటు విషయంలో ఒక్క మాట. సముద్రం ఒడ్డున కట్టాలన్న కోరిక సహజమే గానీ తీర నియంత్రణ నిబంధనలు అడ్డొస్తాయి, ఉప్పుగాలి రాయిని తినేస్తుంది. ఊరి బడి గోడ మేలు. పంచాయతీ తీర్మానమో, బడి యాజమాన్య కమిటీ అంగీకారమో రాతలో తీసుకోండి. లేకపోతే సున్నం వేసేవాళ్లు రాయి మీదుగా కూడా వేసి పోతారు.

రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు, 20 మిల్లీమీటర్ల మందం ఒక పేరుకు సరిపోతుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు అందంగా ఉంటుంది, కానీ అందులోని మెరుపు చుక్కల మధ్య అక్షరాలు కలిసిపోతాయి. చుక్కల్లేని నల్లరాయి తీసుకోండి. పేరు 30 మిల్లీమీటర్ల ఎత్తు, మిగతావి 20 ఉంటే ఆరడుగుల దూరం నుంచి చదవొచ్చు. ఏడు పంక్తులు దాటనివ్వకండి. తెలుగుకు వరుసల మధ్య జాగా ఎక్కువ కావాలి, లేదంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్లో గుచ్చుకుంటాయి. సన్నటి అక్షరరూపం వద్దు, చెక్కేటప్పుడు గీతలు పెళ్లలుగా లేస్తాయి.

ఎక్కువ తప్పులు పుట్టేది డీటీపీ దుకాణంలో. మీరు ఫోనులో పంపింది యూనికోడ్. వాళ్లు దాన్ని అను ఫాంటులోకి మారుస్తారు, ఆ మార్పులో "క్ష్మ", "స్త్ర" లాంటివి విరిగి ఒత్తులు పక్క అక్షరానికి పోతాయి. రాయి అంత సైజులోనే కాగితం మీద ప్రింటు తీయించి, గోడకు అంటించి, ఆ కుటుంబానికి సంబంధం లేని ఇద్దరితో బిగ్గరగా చదివించండి. మనకు తెలిసిన పేరును మన కళ్లు తప్పున్నా సరిగానే చదివేస్తాయి.

ఏం రాయాలి? పేరు, తండ్రి పేరు, ఊరు, హోదా, ఓడ, తేదీ, మరణించిన తీరు. 1942లో పోయినవాడికి "భారత నౌకాదళం" అని రాయకండి, అప్పటి పేరే రాయాలి. "మాతృభూమి కోసం అమరుడైన" లాంటి పొగడ్త కంటే "టార్పెడో తగిలి ఓడ మునిగినప్పుడు" అన్న నిజం రాయి మీద బాగా నిలుస్తుంది. బొగ్గు గదిలో పనిచేసిన కుర్రవాడిని సైనికుడిగా మార్చనక్కర్లేదు. చేసిన పని పేరే అతని హోదా.

బిగించేటప్పుడు ఇనుప మేకులు వాడితే తీరప్రాంతంలో అవి తుప్పుతో ఉబ్బి రాయి మూలను పగలగొడతాయి. 316 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు నాలుగు, అంచు నుంచి కనీసం రెండంగుళాలు లోపలికి. జిగురు మీదే ఆధారపడితే రంగు పొర గోడను వదిలినప్పుడు రాయి కూడా దిగుతుంది, కాబట్టి రంగు గీకి సిమెంటు కనిపించాక పూయండి. అక్షరాల్లో బంగారు రంగు ఎండకు త్వరగా వెలిసిపోతుంది, తెల్ల ఎనామెల్ మేలు.

పేరు ఉన్నచోటికి వెళ్లాలంటే

సముద్రంలో కలిసిన భారతీయ నావికుల స్మారకాలు ముంబయి మసీద్ బందర్‌లోని ఇండియన్ సెయిలర్స్ హోమ్‌లో ఉన్నాయి. మొదటి యుద్ధానిది వేరు, రెండో యుద్ధానిది వేరు. రెండోదానిలో రాయల్ ఇండియన్ నేవీవారు సుమారు 400 మంది, కంపెనీ కళాసీలు దాదాపు 6,000 మంది. ఆ పేర్లున్న పుస్తకం ప్రతి ఒకటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ యుద్ధ సమాధుల ప్రాంగణంలో కూడా ఉంది. కమిషన్ వెబ్‌సైటులో "చిట్టగాంగ్" అని కనబడితే మనిషి అక్కడ పోయాడని కాదు. కోల్‌కతా నేపియర్ రోడ్డులోని లాస్కర్ స్మారకం 1924లో ఆవిష్కరించింది. అది బెంగాల్, అస్సాం నుంచి వెళ్లి మొదటి యుద్ధంలో పోయిన 896 మందిది. లండన్‌లోని టవర్ హిల్ మర్చంట్ నేవీ స్మారకంలో మన కళాసీల కోసం వెతికే ముందు ముంబయి చూడండి.

ముంబయి వెళ్లేముందు కమిషన్ నమోదు పేజీ నుంచి ధ్రువపత్రం దింపుకుని, అందులో ఉన్న స్పెల్లింగు, హోదా, ఓడ పేరు ఒక చీటీ మీద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసుకోండి. హోమ్‌కు ఫోన్ చేసి ఏ రోజు, ఏ వేళ రావాలో ఖాయం చేసుకోండి. అది నావికులు బస చేసే చోటు కాబట్టి ఎప్పుడు పడితే అప్పుడు తలుపు తీయకపోవచ్చు. పెద్ద వయసువాళ్లు వస్తుంటే ఒక భూతద్దం, చిన్న టార్చి తీసుకెళ్లండి. ఫొటో నేరుగా ఎదురుగా నిలబడి తీస్తే మీ నీడ, కెమెరా ఫ్లాష్ అక్షరాల మీద పడతాయి. ఒక పక్కకు జరిగి, ఫ్లాష్ ఆపి తీయండి. పేరు ఉన్న పంక్తి ఒకటి, పలక మొత్తం ఒకటి, రెండూ తీసుకోండి.